గుప్పిట్లో పచ్చగడ్డి

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. రెండో వాన కూడా మొహం చాటేసింది. మందలు కాసుకుని బతికే మా సంబురు తెగ పెట్టుకున్న సంఘం ఏనుగులకూ, జిరాఫీలకూ, చారల గుర్రాలకూ విడిచిపెట్టిన పెద్ద కంచలో చెవి చిరిగిన ఆడ ఏనుగు చచ్చి కనిపించింది. దంతాలు ఎవరూ ముట్టుకోలేదు. పక్కటెముకల్లో విరిగిన ఈటె మాత్రం ఉంది. ఆ ఈటె మా తమ్ముడు కిరపాష్‌ది. వాణ్ణి శపించడానికి పెద్దలు సభ పెట్టారు. నేను సిలపేయిని, మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని, ఆ సంఘంలోనే ఉద్యోగం చేస్తున్నదాన్ని. తమ్ముడు ఆ పని చేయలేదని నా నమ్మకం. వాడు మాత్రం చేశాననీ అనలేదు, చేయలేదనీ అనలేదు.

తుమ్మచెట్టు నీడంతా మగవాళ్ళదే. పెద్దలు చిన్న పీటల మీద కూర్చుని, చేతికర్రలు మోకాళ్ళకు ఆనించుకున్నారు. వాళ్ళకు ఎదురుగా కిరపాష్, ఈటె లేకుండా, వట్టి చేతులతో. వాడి వెనక వాడి ఈడు మొరాన్లు, అంటే మా తెగ పడుచు యోధులందరూ, జడలకు ఎర్రమన్ను పూసుకుని, ఈటెలు నేలలో గుచ్చి నిలబడ్డారు. మేం ఆడవాళ్ళం ఎండలో, ముళ్ళ దడి పక్కన కూర్చున్నాం. సభలో ఆడవాళ్ళు వినొచ్చు. నోరు మెదపకూడదు.

మాలో శాపం అంటే తిట్టు కాదు. మొరాన్ ఎప్పుడూ ఒంటరిగా తినడు. పక్కన ఈడువాడు ఉంటేనే పాలు తాగుతాడు, మాంసం నోట పెడతాడు. శాపం తగిలినవాడి పక్కన ఎవడూ కూర్చోడు. వాడికి పిల్లనివ్వరు. వాడి ఆవు ఈనినా దూడ నిలవదంటారు. మనుషుల మధ్యే ఉంటూ మనుషులు లేకుండా ఎండిపోతాడు. అలాంటి శాపం పెట్టగలిగేది, ఆ ఈడు కుర్రాళ్ళు మొరాన్లయిన రోజున వాళ్ళకు నిప్పుకొయ్య తిప్పి తొలి నిప్పు పుట్టించి ఇచ్చిన పెద్దే. కిరపాష్ ఈడుకు ఆ పెద్ద లెసుయాయి. మా సంఘం అధ్యక్షుడు కూడా ఆయనే.

నేను నైరోబీకి చదువుకు బయల్దేరిన రోజున నా తల మీద పాలు చిలకరించి దీవించింది లెసుయాయే. నా చదువుకు సంఘం తరఫున సాయం ఇప్పించిందీ ఆయనే. ఆయన ఎదురుపడితే నేను ఇప్పటికీ తల వంచుతాను, ఆయన నా నడినెత్తిన అరచేయి ఆనించి పలకరిస్తాడు. ఆయన సభలో అన్యాయం జరుగుతుందని ఎవరైనా అంటే ఆ పొద్దున దాకా నేనే ఎదురు తిరిగేదాన్ని.

"కిరపాష్, చివరిసారి అడుగుతున్నా," అన్నాడు లెసుయాయి. "ఏనుగును పొడిచింది నువ్వేనా?"

తమ్ముడు ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలికి ఆనించి, నేల చూస్తున్నాడు.

"నోట్లో రాళ్ళు పోసుకున్నావా? నీకు నిప్పు చేసి ఇచ్చిన పెద్దనురా నేను. పలుకు."

వాడు నేల మీంచి చూపు తిప్పలేదు.

"చూశారుగా." లెసుయాయి మిగతా పెద్దల వైపు తిరిగాడు. "ఏనుగంటే మనకు ఉత్త మృగం కాదు. ఒకప్పుడు మన ఇళ్ళలో మసలిన ఆడమనిషి. కట్టెలు తెమ్మంటే చెట్టే పెకలించి తెచ్చిందని ఇంటి ఇల్లాలు నోరు పారేసుకుంటే, అలిగి అడవికి పోయింది. ఇవాళ్టికీ దాని ఎముకలు కనిపిస్తే పచ్చని రెమ్మ వేసి పక్కకు తప్పుకుంటాం. అలాంటిదాన్ని చంపినవాణ్ణి వదిలేస్తే, రేపు కన్నతల్లిని చంపినవాణ్ణి కూడా వదిలేయాల్సిందే."

మొరాన్లలో లోపిసియా అనేవాడు ముందుకొచ్చాడు. ఆ ఈడు కుర్రాళ్ళకు వాడే నాయకుడు.

"ఏనుగు మాట సరే పెద్దాయనా. మా ఆవుల మాటేమిటి? కంచలో గడ్డి మోకాలెత్తున ఉంది. బయట మా ఆవులు మట్టి నాకుతున్నాయి. అడవి జంతువులకు విందు, మా మందలకు పస్తు. ఇదేం సంఘం?"

"మీరంతా నోరారా ఒప్పుకున్న సంఘం. కంచలో గడ్డి ముందు అడవి జంతువులకు. కరువు ముదిరితే బక్క ఆవులకూ, లేగదూడలకూ. అందరికీ ఒకేసారి, పెద్దలు తెరవమన్న రోజున. అంతదాకా ఒక్క పోచ కూడా ఎవడూ ముట్టడానికి వీల్లేదు."

"ఆ రోజు ఎప్పుడొస్తుంది? మా ఆవుల తోళ్ళు అమ్ముకున్నాకా?"

నా పక్కన కూర్చున్న డోరోప్ తల్లి పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "కొనేవాడు కూడా ఉండాలిగా నాయనా, అందరిళ్ళలోనూ తోళ్ళేనాయె," అని గొణిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ వేళ్ళు నా మోచేతి దగ్గర బిగుసుకుని ఉన్నాయి.

లెసుయాయి చేతికర్ర ఎత్తి మొరాన్లను వరసగా చూపించాడు. "ఆవుల్ని కాయడం చేతకాకపోతే మేకల్ని కాసుకోండి. ఆడపిల్లలు కూడా చేసే పనే అది. మొరాన్లట, మొరాన్లు! పూసలు కట్టుకుని అద్దంలో మొహం చూసుకోవడం తప్ప ఏం తెలుసురా మీకు? ఈ కిరపాష్ తండ్రి బతికుంటే, కొడుకును చూసి తన మొహాన తనే ఉమ్ముకునేవాడు."

పోయినవాళ్ళను సభలోకి లాగకూడదు. కొడుకు ముందు అసలే లాగకూడదు. పెద్దల్లోనే ఒకరిద్దరు పీటల మీద ఇబ్బందిగా కదిలారు.

లోపిసియా పెదవులు వణికాయి. తర్వాత భుజాలు. మొరాన్‌కు కోపం తలకెక్కితే ఒళ్ళు వశంలో ఉండదు. వాడు గుర్రుమంటూ వెనక్కి విరుచుకుపడబోతే ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. వాళ్ళకూ అంటుకుంది. ఒకడి నుంచి ఒకడికి ఆ వణుకు గాలిలో మంటలా పాకింది. నేలలో గుచ్చిన ఈటెలు పైకి లేచాయి. ఒక పెద్దాయన పీట తన్నేసుకుంటూ వెనక్కి పాకాడు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. కిరపాష్ ఒక్కడే కదల్లేదు.

చెట్టు పక్కనే లెసుయాయి చిన్న భార్య గుడిసె. ఆయన తల వంచి అందులోకి దూరి, అంతే వేగంగా బయటికి వచ్చాడు. కుడిచేయి తల పైకెత్తి, గుప్పిట్లో గడ్డి పట్టుకుని, మొరాన్లకూ పెద్దలకూ నడుమ నిలబడ్డాడు.

"ఆగండి! గడ్డి పట్టుకున్నాను! ఆగండి!"

గడ్డి పట్టుకున్న మనిషి మీద చేయి ఎత్తకూడదు. ఆవులు గడ్డి మీద బతుకుతాయి, మేం ఆవుల మీద బతుకుతాం; దాన్ని అడ్డం పెట్టి ఆగమన్నవాణ్ణి కొడితే మనల్ని మనమే కొట్టుకున్నట్టు. అమ్మ బెత్తం తీస్తే పిల్లలు కూడా గుప్పెడు గడ్డి పీకి ఎత్తి పట్టుకుంటారు. ఈటెలు కిందికి దిగాయి. వణుకుతున్నవాళ్ళను పడుకోబెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నారు. అందరి తలలూ వంగాయి.

అప్పుడు డోరోప్ తల్లి నా పక్కటెముకల్లో వేలితో పొడిచింది.

"అమ్మాయ్. ఆ గడ్డి చూశావా?"

"చూస్తున్నా అత్తా."

"పచ్చగా ఉందే."

పచ్చగానే ఉంది. కోసిన చోట తడి ఆరలేదు. మా చుట్టూ ఎటు చూసినా కనుచూపు మేర ఎర్రదుమ్మే. గుడిసెల మీది ఎండుగడ్డి కూడా మేకలు పీకి తినేశాయి. ఈ నేల మీద పచ్చగడ్డి ఉన్నది ఒకే ఒక్క చోట. శాంతి కోసం ఎండుపుల్ల పట్టుకున్నా చెల్లేది, చెట్టు ఆకు తెంపినా చెల్లేది. కానీ ఆయన చేయి బుర్రను అడగలేదు. ఏళ్ళ తరబడి తగువులు ఆపిన చేయి అది. దగ్గర్లో గడ్డి ఎక్కడుందో దానికి తెలుసు, అక్కడికే పోయింది.

నేను లేచాను. అమ్మ నా పైగుడ్డ పట్టుకుని లాగింది. "కూర్చో సిలపేయి. నీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చో." గుడ్డ అమ్మ చేతిలోనే వదిలేసి చెట్టు నీడలోకి నడిచాను.

"పెదనాన్నా, ఆ గడ్డి ఎక్కడిది?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆడ గొంతు ఎటు నుంచి వచ్చిందా అని పెద్దలు తలలు తిప్పారు. వాళ్ళందరిలోకీ ముసలాయన లెతియో కర్రతో నేల మీద కొట్టాడు. "ఇదేం చోద్యం! ఆడపిల్ల చెట్టు కిందికి వచ్చిందేమిటి? ఎవరి పిల్ల ఇది?"

"మీరు చదివించిన పిల్లనే తాతా. సంఘం ఉద్యోగిని. మగాళ్ళ మాటల్లోకి రాలేదు, సంఘం గడ్డి గురించి అడుగుతున్నాను. ఆయన గుప్పిట్లోది ఎక్కడిదో చెప్పమనండి."

అప్పుడు వంగిన తలలన్నీ ఒక్కసారిగా లేచాయి. పెద్దలూ, మొరాన్లూ అందరూ ఆ గుప్పిటవైపే చూశారు. లెసుయాయి కూడా చూసుకున్నాడు. తన చేతిలో ఏముందో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. చేయి కొంచెం కిందికి దిగింది. వదలలేదు. వదిలితే ఏమవుతుందో ఎదురుగా ఈటెలు చెబుతున్నాయి.

"దూడకు జబ్బు చేసింది," అన్నాడు. "అధ్యక్షుడిగా కంచ చూసి రావడానికి పోయినప్పుడు దానికి గుప్పెడు కోసుకొచ్చాను. ఏం, అది కూడా నేరమేనా?"

నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. 

"మా అమ్మ కూడా జబ్బు దూడకే కోసింది పెదనాన్నా! ఒంటి మీది గుడ్డలో చుట్టుకుని ఒక్క మోపు తెచ్చింది. అప్పుడేం చేశారు? ఇదే చెట్టు కింద నిలబెట్టారు. ముసలిదానికి సిగ్గులేదా అన్నారు. మా మందలో తెల్లచుక్క ఎద్దును జరిమానా అన్నారు. కిరపాష్ పాటలు కట్టి పాడుకునే ఎద్దు అది. దాన్ని మా కళ్ళ ముందే పడగొట్టించారు. మూపురం మాంసం మీ వంతుకు వచ్చింది. బాగుందన్నారు కూడా. ఆ రోజు నేనేమన్నానో గుర్తుందా? మా అమ్మతో, సంఘం మాట అందరికీ ఒక్కటేనమ్మా, ఏడవకు, అన్నాను. మీ మాట నమ్మి మా అమ్మ నోరు నేను మూయించాను. దూడ బతకలేదు. ఎద్దూ పోయింది. ఇప్పుడు చెప్పండి. మీ దూడకు పుట్టిందే జబ్బా? మా దూడకు వచ్చింది కాదా?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను."

"నీ తల మీద పాలు పోసి పంపించింది ఇందుకేనా?"

"ఆ పాలు ఏ గడ్డి మేసిన ఆవువో అది కూడా చెప్పండి మరి!"

ఎవరో మొరాన్ ఈల వేశాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కొక్క గొంతూ లేచింది. మా మేక సంగతి అడగవే అని ఒకతె, నా కొడుకును తాళ్ళతో కట్టేసిన సంగతి అడుగు అని మరొకతె. ఈలోగా డోరోప్ తల్లి లేచి, ఎవరినీ అడక్కుండా, లెసుయాయి చిన్న భార్య గుడిసె వైపు నడిచింది. ఆ పిల్ల వాకిట్లో నిలబడి ఉంది, నాకంటే చిన్నది.

"అడ్డు లే కోడలా."

"నేనెప్పుడు అడ్డం నిలబడ్డాను అత్తా," అని ఆ పిల్ల పక్కకు జరిగింది. జరిగి ఊరుకోలేదు. తనే లోపలికి పోయి మొదటి మోపు బయటికి విసిరింది. రెండోది డోరోప్ తల్లి విసిరింది. తర్వాత ఇంకోటి. మోపులకు మోపులు. లోపల మనుషులు పడుకునే చోటు కూడా మిగల్లేదట. పచ్చివాసన గుప్పుమంది. ఆ వాసన ఎంతకాలమైంది నా ముక్కుకు తగిలి! ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు అది.

ఆ వాసన మనుషులకంటే ముందు మందలకు అందింది. దడి లోపల ఆవులు అరిచాయి. ఎముకల గూళ్ళలాంటి ఆవులు, లేవలేక లేవలేక లేచి, ముళ్ళదడిని రొమ్ములతో తోసుకుంటూ వచ్చాయి. ఎవరూ ఆపలేదు. మోపుల మీద పడ్డాయి. వాటిలో ఒకటి, మా ఇంటి వంకరకొమ్ము ఆవు, మోపుల దగ్గర చోటు దొరక్క నేరుగా లెసుయాయి దగ్గరికి వచ్చి, గుప్పిట్లో గడ్డికి నాలుక చాచింది. ఆయన చేయి పైకెత్తాడు. అది మెడ సాచింది. ఆయన మునివేళ్ళ మీద లేచాడు.

"పెట్టవయ్యా, పాపం," అంది డోరోప్ తల్లి. "దానికీ జబ్బే. ఆకలి జబ్బు."

మొరాన్లు నవ్వారు. వినడానికి బాగుండే నవ్వు కాదది. లోపిసియా లేచి కూర్చున్నాడు. గడ్డానికి అంటిన నురగ తుడుచుకున్నాడు.

"గట్టిగా పట్టుకో పెద్దాయనా. అది నీ గుప్పిట్లో ఉన్నంతసేపే నీ తల నీ మెడ మీద ఉంటుంది."

లెసుయాయి ఆవును మోచేత్తో నెట్టి, మా అందరినీ ఒకసారి కలయజూశాడు. మొహంలో బెరుకు పోయింది. ఇంక దాచడానికి ఏమీ మిగలని మనిషి మొహం అది.

"ఔను. నా ఆవులు కంచలో ఉన్నాయి. కరువు మొదలైన దగ్గర్నుంచీ ఉన్నాయి. కాపలావాళ్ళకు తెలుసు. నేను చెబితే వాళ్ళు నోరెత్తరు. ఏం చేయమంటారు? చిన్నప్పుడు ఒక కరువులో మా నాన్న మంద మొత్తం నా చేతుల్లో పోయింది. చచ్చిన ఆవు పొట్ట మీద తల పెట్టుకుని పడుకున్నాను, ఇంకా వెచ్చగా ఉందని. మళ్ళీ అలా చూడలేను. మీలో ఎవడికైనా కంచ తాళం ఉంటే ఇదే పని చేసేవాడు. మీ చేతిలో లేదు కాబట్టి మంచివాళ్ళయ్యారు."

"తాళం మీ చేతిలో పెట్టింది మీరు మంచివాళ్ళని నమ్మి," అన్నాను. "కాపలాకుక్కే దూడను తింటే, తోడేలును కొట్టి ఏం లాభం? అదే కంచలో ఏనుగు చచ్చిందని నా తమ్ముణ్ణి శపించడానికి కూర్చున్నారా? మీరు?"

ముసలి లెతియో లేచాడు. ఆయన లేవడానికి ఇద్దరు చేయి అందించారు.

"చాలు. ఈ పిల్ల చెట్టు కిందికి రావడం తప్పే. ఆ తప్పు సంగతి తర్వాత చూద్దాం. కానీ అడిగిన మాట తప్పు కాదు. శాపం మాట ఇవాళ్టికి కట్టిపెట్టండి. ముందు ఈ లెసుయాయి సంగతి తేల్చాలి. ఆ కుర్రాణ్ణి వదిలేయండి."

ఆడవాళ్ళ వైపు నుంచి సంతోషపు కూతలు లేచాయి. గెలిచాం అనుకున్నాను. తమ్ముడి దగ్గరికి పోయి మణికట్టు పట్టుకున్నాను.

"పద కిరపాష్. ఇంటికి పోదాం."

వాడు కదల్లేదు. ఎత్తి ఉంచిన పాదం నేల మీద పెట్టాడు.

"నేను రాను అక్కా."

"ఎందుకు రావు? విన్నావుగా, వదిలేశారు."

"ఏనుగును పొడిచింది నేనే."

చిన్నగానే అన్నాడు. కానీ ఆ చెట్టు కింద ఆ మాట వినబడనివాళ్ళు లేరు. కూతలు ఆగిపోయాయి.

"అబద్ధం," అన్నాను. "ఎవరికి భయపడి అంటున్నావురా?"

"ఇంతసేపూ భయపడే నోరు మూసుకున్నా. ఇప్పుడు కాదు." మొదటిసారి తలెత్తి లెసుయాయిని చూశాడు. "ఆయన ఆవుల్ని కంచలో కాస్తున్నది నేనే అక్కా. మన ఎద్దును కోయించిన మర్నాడే పిలిచి, ఇకమీదట నా మందను నువ్వే తీసుకుపో అన్నాడు. నిప్పు ఇచ్చిన పెద్ద మాట ఎలా కాదంటాను? బయట చెబితే ఈడు మొత్తాన్ని శపిస్తానన్నాడు. నీళ్ళ దగ్గర ఆ చెవి చిరిగిన తల్లి పిల్లతో ఉంది. ఆవులు పిల్ల మీదికి పోయాయి. అది మంద మీదికి వచ్చింది. ఒక ఆవును తొక్కేసింది. ఇంకోదాని మీదికి పోతుంటే విసిరాను. అది అరిచిన అరుపు..." తన వట్టి చేతుల వంక చూసుకున్నాడు. "నేను పారిపోవచ్చు. నేను విసరకుండా ఉండొచ్చు. ఎవరి ఆవులైనా ఆవులు కదా అనుకున్నా. ఆ పిల్ల ఏనుగు చాలాసేపు అక్కడే తిరిగింది. నేను చూస్తూ ఉన్నాను."

నేను వాడి చెంప మీద కొట్టాను. ఎందుకు కొట్టానో నాకు తెలియదు. చేసినందుకో, దాచినందుకో, ఇన్ని గొంతులు నా వెనక లేచాక, ఇప్పుడు చెప్పినందుకో. వాడు తలైనా తిప్పుకోలేదు.

లోపిసియా ఈటె పట్టుకుని లెసుయాయి ముందుకు ఉరికాడు. ఈటె మొన ఆ గుప్పిటకు జానెడు దూరంలో ఆగింది. "నువ్వు పంపి, నువ్వే శపిస్తావా? వాడి నోరు శాశ్వతంగా మూయించడానికే కదూ ఈ సభ? నువ్వు పెద్దవా? నక్కవు!"

లెసుయాయి వాణ్ణి చూడలేదు. నన్నే చూస్తున్నాడు.

"నేను ఆవుల్ని తీసుకుపొమ్మన్నాను. ఏనుగును పొడవమనలేదు. నా తప్పుకు ఏ జరిమానా వేస్తారో వేయండి, మంద మొత్తం పడగొట్టి తినండి. కానీ ఏనుగును చంపినవాడికి క్షమ లేదు, ఎవరి కొడుకైనా, ఏ కారణమైనా నిప్పుకొయ్య పెద్ద శపించి తీరాలి. ఈ మాట మన సంఘానిదేనా కాదా? ఊరూరూ తిరిగి, ఇంటింటి ముందు నిలబడి, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది ఎవరు సిలపేయి?"

నేనే. ఎండలో కాళ్ళు బొబ్బలెక్కేలా తిరిగి చెప్పాను. ఎవరి కొడుకైనా అన్నప్పుడు ప్రతి ఊళ్ళోనూ కొంచెం గొంతు పెంచాను కూడా. తల్లులు తలలూపారు.

"చెట్టు కిందికి వచ్చావు. మాట్లాడే హక్కు కావాలన్నావు. ఇదుగో ఇస్తున్నాను, తీసుకో." ఆయన గొంతులో వెటకారం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "నువ్వు వద్దంటే నేను శపించను. నీ తమ్ముడు ఇంటికి వస్తాడు. అప్పుడు సంఘం మాటకు మినహాయింపు ఉందని ఈ చెట్టు కిందే తేలిపోతుంది. రేపు నేనూ అదే అడుగుతాను, నా తర్వాత ప్రతివాడూ అడుగుతాడు. ఈ మొరాన్లు కంచ మీద పడతారు, వచ్చే నెలకు అక్కడ గడ్డీ ఉండదు, ఏనుగూ ఉండదు. శపించమంటే, ఈ గడ్డి కింద పడేసి శపిస్తాను. ఆ తర్వాత ఈ కుర్రాళ్ళు నన్నేం చేస్తారో అది నా రాత. వాణ్ణీ నన్నూ ఒకే మాట ముంచుతుంది. అందరికీ ఒక్కటే మాట అన్నావుగా. చెప్పు."

"తాతా, ఈయనకు అడిగే అర్హత ఉందా?" అన్నాను లెతియోతో.

ముసలాయన కర్రతో నేల గీకాడు. "అర్హత లేదు తల్లీ," అన్నాడు. "కానీ అడిగింది మాత్రం సరైనదే."

మొరాన్లు నా వైపు చూస్తున్నారు. ఎండలో ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "వద్దను బిడ్డా, వద్దను," అంటోంది డోరోప్ తల్లి, ఆమె గొంతులో మొదటిసారి వేళాకోళం లేదు. ఆవులు ఇంకా మోపులు నములుతున్నాయి. కిరపాష్ నన్ను చూడటం లేదు. వాడి చెంప మీద నా వేళ్ళ గుర్తులు పొంగాయి.

నేను జవాబు చెప్పాను. ఒక్కటే మాట. గట్టిగానే చెప్పాను.

మొదట కదిలింది మా అమ్మ. ఆమె చేతులు మెల్లగా చెవులకున్న ఇత్తడి చుట్టల దగ్గరికి పోయాయి. కొడుకు మొరాన్ అయిన రోజున తల్లి పెట్టుకునేవి అవి. ఆ కొడుకు చనిపోతే తప్ప వాటిని తీయరు. అమ్మ నన్ను చూస్తూ, ఎడమ చెవిది విప్పడం మొదలుపెట్టింది.